షెడ్డులో రోజూ వినే అపోహలు: మాట పాతది, బండి కొత్తది

పానా పట్టుకుని ఇరవై ఏళ్లు దాటింది. వారమంతా రోడ్డు బండ్లు, కొన్ని శని, ఆదివారాలు మాత్రం ట్రాక్ మీద రేసు బైకులకు టైర్లు మార్చడం, చెయిన్ చూడటం. రెండు చోట్లా తిరగడం వల్ల నాకొకటి అర్థమైంది. బండ్ల గురించి జనం నమ్మే వాటిలో పచ్చి అబద్ధాలు తక్కువ. చాలావరకు ఒకప్పుడు నిజాలే. కార్బురేటర్ బండ్లకు నిజం, టూ స్ట్రోక్‌కు నిజం, లేదా రేసు ట్రాక్ మీద ఇప్పటికీ నిజం. ఆ మాటను తెచ్చి మన రోడ్డు బండికి తగిలిస్తాం, తంటా అంతా అక్కడే. ఎవరైనా "మా నాన్న ముప్పై ఏళ్లు ఇలాగే నడిపాడు" అంటే నేను వాదించను, ఆయన బండికి అది సరిపోయింది కాబట్టే నడిపాడు, మీ బండి వేరు అంటాను అంతే.

అపోహ: పొద్దున్నే స్టార్ట్ చేసి పది నిమిషాలు అలా వదిలేయాలి

కార్బురేటర్ రోజుల్లో దీనికి అర్థముంది. చల్లటి ఇంజన్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరవదు, అందుకే చోక్ లాగి గాలితో కలిసే పెట్రోల్ వాటా పెంచేవాళ్లం, ఇంజన్ కాస్త వేడెక్కేదాకా ఆగకపోతే గేరు వేయగానే ఆగిపోయేది. ఇప్పుడు ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో ఆ పని సెన్సర్లు, ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటర్ చూసుకుంటాయి. పది నిమిషాలు ఊరికే తిరిగితే ఇంజన్ చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది, అంతసేపూ అదనంగా పడే పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తూ కొంత కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. మంచి చేస్తున్నామనుకుంటూ అరుగుదలే పెంచుతున్నామన్నమాట. అర నిమిషం ఆగి బయల్దేరండి, మొదటి కొన్ని కిలోమీటర్లు నిదానంగా పోనివ్వండి. గేర్‌బాక్సు, టైర్లు, సస్పెన్షన్ వేడెక్కేది బండి కదిలితేనే.

ఫార్ములా వన్ ఇంజన్ సంగతి వేరు. అందులో భాగాల మధ్య సందులు ఎంత తక్కువంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయడానికే లేదు, ముందు బయటి నుంచి వేడి చేసిన నీళ్లు, ఆయిల్ ఇంజన్‌లో తిప్పుతారు. టీవీలో అది చూసి ఇంటి దగ్గర బండికి పూజ చేసినట్టు అరగంట నిలబడేవాళ్లున్నారు.

స్టార్ట్ కాగానే చెవులు పగిలేలా రేజ్ చేయడం మాత్రం ఏ కాలంలోనూ నిజం కాదు. అది అన్నిటికన్నా చెడ్డ అలవాటు.

అపోహ: ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోస్తే పికప్, మైలేజీ పెరుగుతాయి

ఆక్టేన్ అంటే పెట్రోల్ బలం కాదు, ఓర్పు. సిలిండర్‌లో పిస్టన్ ఒత్తుతున్నప్పుడు స్పార్క్ పడకముందే, లేదా స్పార్క్ మంట చేరకముందే తనంతట తాను అంటుకోకుండా ఎంతసేపు ఆగగలదో చెప్పే లెక్క. ఐసో ఆక్టేన్ అనే పదార్థానికి 100, హెప్టేన్‌కు 0 అని పెట్టుకుని మిగతావాటిని వాటితో పోల్చి చూస్తారు. కంప్రెషన్ ఎక్కువున్న ఇంజన్‌కు, టర్బో ఇంజన్‌కు ఆ ఓర్పు కావాలి, లేకపోతే పెట్రోల్ ముందే అంటుకుని ఇంజన్ లోపల టకటకా కొట్టుకుంటుంది, దాన్నే నాకింగ్ అంటారు, పిస్టన్ పోతుంది. మామూలు కంప్రెషన్ ఇంజన్‌కు అదనపు ఓర్పుతో పనే లేదు, పోసిన డబ్బు పొగగొట్టం నుంచి బయటికి పోతుంది.

ఒక మినహాయింపు ఉంది. నాక్ సెన్సర్ ఉండి, ఎక్కువ ఆక్టేన్‌కు తగ్గట్టు ట్యూన్ చేసిన బండ్లలో తక్కువ ఆక్టేన్ పోస్తే ఈసీయూ స్పార్క్ టైమింగ్ వెనక్కి జరిపి ఇంజన్‌ను కాపాడుకుంటుంది, అప్పుడు పికప్ నిజంగానే తగ్గుతుంది. మీ బండి ఏ రకమో పెట్రోల్ మూత లోపలో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో రాసి ఉంటుంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవర్ కూడా చింపని వాళ్లే ఈ విషయం మీద నాతో ఎక్కువసేపు వాదిస్తారు.

అపోహ: ఆయిల్ ఏదైనా ఆయిలే, ఖరీదైనది పోస్తే చాలు

ఇది నా తప్పుతోనే చెప్పాలి. పనిలో చేరిన కొత్తలో, మేస్త్రి లేని రోజు, ఒక బైకులో మంచి కారు ఆయిల్ పోశాను, అదీ ఖరీదైనదే. వారం తిరక్కముందే ఆ బైకు వెనక్కొచ్చింది, ఇంజన్ అరుస్తోంది కానీ ఎత్తు ఎక్కట్లేదు. క్లచ్ జారుతోంది. కారులో క్లచ్ పొడిగా, ఇంజన్ ఆయిల్‌కు దూరంగా ఉంటుంది. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు అదే ఇంజన్ ఆయిల్‌లో మునిగి ఉంటాయి. మైలేజీ కోసం కారు ఆయిల్‌లో కలిపే జారుడు మందులు ఆ ప్లేట్లను కూడా జారుస్తాయి. అందుకే బైకు ఆయిల్ డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూడాలి. గేర్లు లేని స్కూటర్లలో క్లచ్ ఆయిల్‌లో ఉండదు కాబట్టి వాటికి ఎంబీ అని వేరే రకం ఉంది. మేస్త్రి తిట్టలేదు, ప్లేట్లు నాతోనే విప్పించి, కడిగించి, మళ్లీ బిగించమన్నాడు. తిట్టినా అంత గుర్తుండేది కాదేమో.

పనిలో పని, ఆయిల్ నల్లబడితే అయిపోయినట్టే అనేది కూడా తప్పు. లోపలి మసిని తనలో కలుపుకోవడం దాని పని. డీజిల్ ఇంజన్‌లో మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. కిలోమీటర్లు, నెలలు చూసి మార్చండి, రంగు చూసి కాదు.

అపోహ: ఎండలో టైరు పగలకుండా గాలి తగ్గించి కొట్టించాలి

ప్రాణాలకే ముప్పు తెచ్చే అపోహ ఇది. లోపల గాలి వేడికి ఉబ్బుతుంది కాబట్టి ముందే తగ్గిస్తే సరిపోతుందని లెక్క. వినడానికి బాగానే ఉంటుంది. కానీ గాలి తక్కువున్న టైరు పక్కలు ప్రతి చుట్టుకూ ఎక్కువ నలుగుతాయి, ఇనుప తీగను అటూ ఇటూ వంచితే వేడెక్కినట్టు రబ్బరు వేడెక్కుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆ వేడి పెరిగి లోపలి పొరలు విడిపోతాయి. పగిలిన టైర్లను విప్పి చూశాను, చాలావాటి లోపలి పక్కల్లో రబ్బరు పొడిపొడిగా రాలి ఉంది. ఎక్కువ గాలి వల్ల అలా కాదు. కంపెనీ చెప్పిన అంకెలోనే వేడికి పెరిగే ఒత్తిడి కూడా లెక్కేసి ఉంటుంది, బండి చల్లగా ఉన్నప్పుడు ఆ అంకెకు కొట్టించండి, అంతే. ఆ అంకె కారు డోర్ పక్కన స్టిక్కర్ మీద, బైకుకైతే చెయిన్ కవర్ మీదో వెనక ఫోర్కు మీదో ఉంటుంది. టైరు పక్కన రాసి ఉండేది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, మీ బండికి కావాల్సింది కాదు.

ఈ మాట పుట్టింది కూడా ట్రాక్ మీదేనేమో అని నా అనుమానం. రేసు టైర్లకు నిజంగానే తక్కువ గాలితో మొదలుపెడతాం, ఎందుకంటే రెండు మూడు ల్యాపుల్లో అది పెరిగి సరైన చోటికి వస్తుంది. కానీ అక్కడ కూడా హద్దుంది. మోటోజీపీ అనే ప్రపంచ బైకు రేసుల్లో ముందు టైరుకు కనీస ఒత్తిడి ఇంత ఉండాలని నిబంధన. 2025 ఖతార్ రేసులో మావెరిక్ వినాలెస్ అనే రైడర్ రెండో స్థానంలో ముగింపు గీత దాటాడు, టైరులో గాలి తక్కువని తేలింది, 16 సెకన్ల పెనాల్టీతో 14వ స్థానానికి పడిపోయాడు. గాలి తగ్గించినందుకు అంత శిక్ష ఎందుకంటే, టైరుకు ప్రమాదం కాబట్టే.

నైట్రోజన్ గురించి రెండు ముక్కలు: మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. తేమ ఉండదనే లాభం కొంత ఉంది, రేసుల్లో, విమానాల్లో అది పనికొస్తుంది. మీరు నెలకోసారి గాలి చూసుకుంటే మామూలు గాలి చాలు.

అపోహ: టైరు గళ్లు ఎంత లోతుంటే అంత పట్టు

వాన ఉంటేనే. పొడి రోడ్డు మీద పట్టు ఇచ్చేది రబ్బరు, గళ్లు కాదు. 1998లో ఫార్ములా వన్ కార్ల వేగం తగ్గించడానికి ఏం చేశారో తెలుసా, టైర్ల మీద గాడులు కోయించారు. 2008 దాకా అలాగే నడిపి, 2009లో మళ్లీ నున్నటి స్లిక్ టైర్లు తెచ్చారు. గళ్లు నీళ్లను పక్కకు తోయడానికి. ఫార్ములా వన్‌కు పిరెల్లి కంపెనీ చేసే పూర్తి వర్షం టైరు 300 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 85 లీటర్ల నీటిని తోసేస్తుంది. స్లిక్ టైరు కింద చిన్న నీటి పొర చేరినా కారు తేలిపోతుంది.

"అయితే అరిగిపోయిన టైరే మంచిదన్నమాట" అని ఒకాయన నాతో అన్నాడు. స్లిక్ టైరు మెత్తటి కొత్త రబ్బరు, అరిగిన టైరు గట్టిపడిన పాత రబ్బరు. రెండూ నున్నగా ఉంటాయి, పోలిక అంతవరకే.

అపోహ: ముందు బ్రేకు పడితే ఎగిరి పడతారు

డ్రమ్ బ్రేకులు, మట్టి రోడ్లు, సన్న టైర్ల కాలంలో పెద్దవాళ్లు వెనక బ్రేకే నేర్పారు. ఇప్పటి బైకుకు ఆపే శక్తి ముఖ్యంగా ముందు చక్రంలో ఉంది. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వస్తుంది, ముందు టైరు రోడ్డుకు అతుక్కుంటుంది, వెనకది తేలికై ఊరికే లాక్ అవుతుంది, అంటే తిరగడం ఆగి జారుతుంది. రేసులో గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనక చక్రం నేల వదిలి గాల్లో ఉంటుంది, ఆపుతున్నదంతా ముందు బ్రేకే. పడిపోయేది ముందు బ్రేకు వేసినందుకు కాదు, ఒక్కసారిగా గుంజినందుకు. నిమ్మకాయ పిండినట్టు మొదట మెల్లగా, బరువు ముందుకు వచ్చాక గట్టిగా పట్టాలి. ఖాళీ స్థలంలో రోజూ పదిసార్లు చేసి చూడండి. మలుపులో బండి వంగి ఉన్నప్పుడు, ఇసుక మీద మాత్రం జాగ్రత్త.

ఏబీఎస్ ఉంటే వెంటనే ఆగుతుందనేది దీని చెల్లెలు. 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో బాష్ ఏబీఎస్ వచ్చింది, బైకుల్లో మొదట 1988లో బీఎండబ్ల్యూ కె100కు వచ్చింది. దాని అసలు పని చక్రం లాక్ కాకుండా చూసి, బ్రేకు వేస్తూనే బండిని తిప్పుకునే వీలివ్వడం. వదులు కంకర మీద ఏబీఎస్‌తో ఆగే దూరం పెరగొచ్చు కూడా. ఇంకో లెక్క: వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగు రెట్లు. ఏ ఏబీఎస్ కూడా దాన్ని మార్చలేదు.

అపోహ: సైలెన్సర్‌లో వెనక్కి తోసే ఒత్తిడి ఉంటేనే బండి లాగుతుంది

ఇది నాకు ఇష్టమైన అపోహ, ఎందుకంటే దీని వెనక ఒక కథ ఉంది. తూర్పు జర్మనీలో ఎంజెడ్ అనే బైకుల కంపెనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు టూ స్ట్రోక్ సైలెన్సర్‌ను ముందు వెడల్పయ్యే, తర్వాత సన్నబడే డబ్బా ఆకారంలో చేశాడు. పొగతో పాటు పైపులో ఒత్తిడి అల పరుగెడుతుంది, పైపు వెడల్పయ్యే చోట వెనక్కి పీల్చే అల పుట్టి సిలిండర్‌ను ఖాళీ చేస్తుంది, సన్నబడే చోట తిరిగి తోసే అల పుట్టి, బయటికి జారిపోతున్న తాజా పెట్రోల్ గాలిని సిలిండర్ గోడలోని రంధ్రం (పోర్టు) మూసుకునేలోపు మళ్లీ లోపలికి నెడుతుంది. 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజన్ 25 హార్స్‌పవర్ ఇచ్చింది, అంటే లీటరుకు 200. అదే ఏడాది సెప్టెంబర్‌లో స్వీడన్ రేసుకు వెళ్లిన ఎంజెడ్ రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ తిరిగి ఇంటికి పోలేదు. బెర్లిన్ గోడ లేచి నెల గడిచింది, భార్యాపిల్లల్ని అప్పటికే కారు డిక్కీలో దాచి సరిహద్దు దాటించారు. ఆ రహస్యాలతో సుజుకీకి వెళ్లి, 1962లో 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచి పెట్టాడు.

అంటే టూ స్ట్రోక్‌లో వెనక్కి వచ్చే అల నిజం. ఫోర్ స్ట్రోక్‌కు వాల్వులున్నాయి, దానికి కావాల్సింది పొగ వేగంగా పోవడం. లావు పైపు పెడితే తక్కువ ఆర్‌పీఎంలో పొగ నెమ్మదిస్తుంది, లాగుడు తగ్గుతుంది, దాన్ని చూసి "ఒత్తిడి పోయింది" అంటారు. పోయింది వేగం.

దీనికి ఎదురు అపోహ కూడా షెడ్డులోనే ఉంది: సైలెన్సర్ పీకేసి ఊళ్లోవాళ్ల నిద్ర చెడగొడితే పవర్ పెరుగుతుందని. ఈసీయూలోని పెట్రోల్ లెక్క (మ్యాప్) మార్చకుండా పైపు మారిస్తే చాలాసార్లు గాలి, పెట్రోల్ పాళ్లు తప్పి ఇంజన్ వేడెక్కుతుంది. పెరిగేది శబ్దం. మనిషికి శబ్దం వేగంలా అనిపిస్తుంది, స్టాప్‌వాచ్‌కు అనిపించదు.

అపోహ: శబ్దం లేనిది రేసే కాదు, కరెంటు కారుకు ఎత్తులో దమ్ముండదు

శబ్దం విషయంలో నేనూ మీ పక్షమే, టూ స్ట్రోక్ పొగ వాసన వస్తే ఇప్పటికీ ఆగి చూస్తాను. కానీ ఎత్తు మాట తప్పు. అమెరికాలోని పైక్స్ పీక్ కొండ రేసులో దాదాపు 20 కిలోమీటర్లు, 156 మలుపులు, ముగింపు గీత 4,302 మీటర్ల ఎత్తులో. 2013లో సెబాస్టియన్ లోబ్ ప్యూజో పెట్రోల్ కారులో 8 నిమిషాల 13.878 సెకన్లలో ఎక్కాడు. 2018లో రొమెయిన్ డుమాస్ ఫోక్స్‌వాగన్ కరెంటు కారులో 7 నిమిషాల 57.148 సెకన్లకే చేరాడు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, టర్బో లేని పెట్రోల్ ఇంజన్ సుమారు మూడో వంతు శక్తి కోల్పోతుంది. కరెంటు మోటారుకు గాలితో పనే లేదు. బ్యాటరీ వేడెక్కడం వేరే తలనొప్పి, అది నిజమే.

అపోహ: రేసు బ్రేక్ ఆయిల్ పోస్తే ఇక మార్చక్కర్లేదు

చివరగా ఇది, ఎందుకంటే నిన్ననే ఒక బండి వచ్చింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక ఆ కొలత 155కు పడిపోవచ్చు. దిగుడు రోడ్డులో వేడెక్కి మరిగితే లోపల ఆవిరి బుడగలు ఏర్పడతాయి, లీవర్ పట్టుకుంటే చేతికి మెత్తగా దిగిపోతుంది, బండి ఆగదు. రేసు రకం ఆయిల్ ఇంకా ఎక్కువ వేడి తట్టుకుంటుంది, కానీ దాన్ని తరచూ మారుస్తూ ఉంటారు, ఒక్కోసారి రేసుకోసారి. నిన్నటి బండిలో ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉంది. ఎప్పుడు మార్చారండీ అని అడిగితే, "కొన్నప్పుడు కంపెనీవాళ్లే పోశారు కదా" అన్నాడు. కొని ఏడేళ్లు. మూత తీసి ఆయనకే చూపించాను.