చాతక నౌకను మెరుగుపరచడం ఎలా? – పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ అంతా క్షేమం. అక్కడ మీరందరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరమూ, దానితో పాటు మడతపెట్టి పంపిన నౌక పటమూ అందాయి. పాత్రలు ధరించి ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్‌లో మీ జట్టు ఇన్నాళ్లూ నడిపిన చాతక శ్రేణి అంతరిక్ష గస్తీ నౌక పాతబడిందనీ, దాని స్థానంలో నవచాతక అనే మెరుగైన శ్రేణిని మీరే రూపొందించారనీ, ఆట నడిపే అన్నయ్య మాత్రం ఆ పటం చూసి "ఇది నౌక కాదర్రా, వరం" అని తిప్పి పంపాడనీ రాశారు. "వేగం రెట్టింపు చేశాం, కవచం రెట్టింపు చేశాం, ఫిరంగులు రెట్టింపు చేశాం. మెరుగుపరచడమంటే అదే కదా తాతయ్యా, ఇందులో తప్పేముంది?" అని అడిగారు. పటాన్ని బల్ల మీద పరచి చాలాసేపు చూశాను. గీత చక్కగా ఉంది. ముక్కు దగ్గరి పరిశీలన గదికి కిటికీ పెట్టి, దాని పక్కన ఒక్కరు కూర్చునే చిన్న కుర్చీ గీయడం నాకు ఎంతో నచ్చింది. కాని మీ అన్నయ్య మాటే సబబు.

ఎదిగే పిల్లవాడికి చొక్కా కుట్టేటప్పుడు తెలివైన దర్జీ ఏం చేస్తాడో మీరు ఎప్పుడైనా గమనించారా? కింది అంచు దగ్గర, చేతుల చివర, పక్క కుట్ల లోపల కొంత గుడ్డను మడిచి వదిలిపెడతాడు. పిల్లవాడు పొడుగైనప్పుడు కుట్టు విప్పి ఆ మడతను దించితే, అదే చొక్కా మరికొంత కాలం వస్తుంది. అయితే లోపల ఎంత వదిలాడో అంత మేరకే దించగలం. భుజాల దగ్గర మడత ఉండదు. అక్కడ బిగుతైతే ఆ చొక్కా పని అయిపోయినట్టే, కొత్త గుడ్డ తెచ్చుకోవలసిందే. నౌకా శ్రేణిని మెరుగుపరచడం అచ్చం ఇదే పని. సముద్రం మీద తిరిగే ఓడలను రూపొందించే ఇంజనీర్లు కూడా ముందు ముందు కొత్త పరికరాలు వచ్చి చేరతాయని తెలిసి, బరువులోనూ విద్యుత్తులోనూ కొంత మిగులు మొదటి లెక్కలోనే ఉంచుతారు. కాబట్టి మీరు మొదట చేయవలసింది కొత్త ఫిరంగులు గీయడం కాదు. పాత చాతక పటం ముందు పెట్టుకుని దాని మడతలు ఎక్కడున్నాయో వెతకడం. సగం ఖాళీగా తిరిగే సరుకుల గది ఒక మడత. వాడుకకు మించి విద్యుత్తు ఇచ్చే రియాక్టర్ ఉంటే అది ఇంకో మడత. ఇంజను తోపును మోసే వెన్నుదూలం మాత్రం భుజం లాంటిది. దాన్ని మార్చవలసి వస్తే అది మెరుగైన చాతక కాదు, వేరే నౌక.

ఇది కథలకే చెల్లే మాట అనుకోకండి. సోవియట్ యూనియన్ రూపొందించిన సోయుజ్ వ్యోమనౌక 1967లో మొదటిసారి మనిషితో ఎగిరింది. ఇప్పటికీ అదే ఆకారంతో ఎగురుతున్నది. నడుమ ఎన్నిసార్లు కుట్లు విప్పి దించారో చూడండి. 2002లో వచ్చిన రకంలో పొడుగాటి వ్యోమగాములు కూర్చోవడానికి వీలుగా ఆసనాలు మార్చారు. 2010లో ఎగిరిన రకంలో 36 పాత పరికరాలు తీసివేసి, వాటి పని చేసే 19 కొత్తవి పెట్టారు. నౌక 70 కిలోలు తేలికైంది. బయటినుంచి చూసేవాడికి తేడా కనిపించదు. నిజమైన మెరుగుదల చాలాసార్లు అంత నిరాడంబరంగానే ఉంటుంది: పాతది తీశారు, తేలికైనది పెట్టారు, మిగిలిన బరువును ఇంకొకదానికి వాడుకున్నారు.

చొక్కా మాట వచ్చింది గనుక ఒక సంగతి చెబుతాను. నా చిన్నతనంలో నాకు కొత్త చొక్కా అంటే మా అన్నయ్యకు పొట్టి అయిన చొక్కాయే. అది నాకూ పొట్టి అయ్యాక అమ్మ మడత విప్పేది. ఎండకూ ఉతుకులకూ చొక్కా అంతా వెలిసి పాలిపోయి ఉండేది గాని, మడత లోపల దాగిన గుడ్డ మాత్రం కొన్ననాటి నీలం రంగులోనే ఉండేది. అందువల్ల చొక్కా కింద రెండు వేళ్ల వెడల్పున ఒక ముదురు పట్టీ, దాని పైన పాత కుట్టు తాలూకు సూది రంధ్రాల వరుస కనిపించేవి. బడిలో ఎవరూ చూడకుండా దాన్ని నిక్కరులోకి దోపుకునేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే, ఆ చొక్కా ఎవరిది, ఎప్పుడు ఎంత పొడవు పెరిగింది అనే చరిత్ర అంతా ఆ పట్టీలోనే ఉండేదనిపిస్తుంది. మీ నవచాతకకు అలాంటి పట్టీ ఒకటైనా ఉండాలి. పాత సరుకుల గదిని నివాసపు గదులుగా మార్చారనుకోండి. పాత నేలకూ కొత్త నేలకూ మధ్య జానెడు ఎత్తున మెట్టు మిగిలిపోనివ్వండి. పాత నౌకలో పనిచేసి వచ్చినవాడు చీకట్లో ప్రతిసారీ అక్కడ తట్టుకుంటాడు. మూసేసిన తలుపు ఒకటి గోడలో ఉండనివ్వండి. దాని మీద అరిగిన పాత అంకె కనబడనివ్వండి. కొత్త ఇంజనుకు పోయే తీగలకు లోపల దారి లేక, నడవ పొడుగునా పైకప్పుకు వేలాడుతున్నట్టు రాయండి. ఆట మొదలైనప్పుడు మీ జట్టులో ఎవరో ఒకరు ఆ మూసిన తలుపు వెనక ఏముందని తప్పకుండా అడుగుతారు.

ఇక ఫిరంగుల సంగతి. చొక్కాకు జేబులు కుట్టవచ్చు, ఎన్నయినా కుట్టవచ్చు. కాని వాటిలో రాళ్లు నింపుకుని పరుగెత్తితే చొక్కా ఒక పక్కకు లాగుతుంది, చివరికి భుజం దగ్గర చిరుగుతుంది. స్వీడన్ దేశం వాసా అనే యుద్ధనౌకను ఎంతో వైభవంగా కట్టించింది. దానికి 64 ఫిరంగులు అమర్చారు. పై అంతస్తులు ఎత్తుగా లేపారు. ఓడ వెడల్పూ, అడుగున వేసిన బరువూ వాటికి చాలలేదు. ఓడ ఎంత నిలకడగా ఉందో చూడడానికి 30 మందిని ఈ అంచునుంచి ఆ అంచుకు పరుగెత్తించగా, అది మరీ ప్రమాదకరంగా ఊగిందని ఆ పరీక్షను మధ్యలోనే ఆపారు. అయినా ఓడను బయలుదేరదీశారు. 1628 ఆగస్టు 10న, మొదటి ప్రయాణంలోనే, సుమారు 1300 మీటర్లు పోయి, గాలికి ఒరిగి, ఫిరంగుల కిటికీలగుండా నీళ్లు చొరబడి స్టాక్‌హోమ్ రేవులోనే మునిగింది. 1961లో దాన్ని పైకి తీశారు. ఇప్పుడు ప్రదర్శనశాలలో నిలబెట్టి ఉంది. అన్నీ కావాలని ఎవరికైనా ఉంటుంది. ఏది వద్దో తేల్చుకోగలవాడినే రూపకర్త అంటారు. ఇంట్లో ఉన్నా, అంతరిక్షంలో ఉన్నా ఈ మాట మీకు పనికివస్తుంది.

మీరు నౌక పొడవునూ వెడల్పునూ ఎత్తునూ రెట్టింపు చేసి, బరువు కూడా రెట్టింపేనని రాశారు. అది రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. బయటి తొడుగు వైశాల్యం నాలుగు రెట్లు. ఈ రెండు అంకెలను పటం పైభాగాన పెద్దగా రాసి పెట్టుకోండి. వీటితో మళ్లీ పని ఉంది.

వేగం విషయంలో ప్రకృతి మరీ పిసినారి. రష్యా శాస్త్రవేత్త త్సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన రాకెట్ సూత్రాన్ని ఇక్కడ వివరించను. ఫలితం మాత్రం చెబుతాను. ఇంధనం లేని నౌక బరువు ఒకటి అనుకుంటే, వెనకకు చిమ్మే వాయువుకు ఎంత వేగం ఉందో అంత వేగం అందుకోవడానికి నౌక ఇంధనంతో కలిపి సుమారు 2.7 బరువుతో బయలుదేరాలి. దానికి రెట్టింపు వేగం కావాలంటే 7.4 బరువుతో, మూడు రెట్లు కావాలంటే 20 బరువుతో బయలుదేరాలి. బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ వారు 1973 నుంచి 1978 వరకు కూర్చుని, బార్నార్డ్ నక్షత్రం దాకా పోయే డెడాలస్ అనే మనుషులు లేని నౌకను కాగితం మీద రూపొందించారు. మొత్తం బరువు సుమారు 54 వేల టన్నులైతే, అందులో 50 వేల టన్నులు ఇంధనమే! అంతా చేసి అది అందుకునేది కాంతి వేగంలో 12 శాతం. అక్కడ ఆగడానికి మళ్లీ ఇంధనం లేదు, ఆ నక్షత్రం పక్కనుంచి దూసుకుపోవడమే. మీ పటంలో ఇంధనపు తొట్టె వంటగది కంటే చిన్నదిగా ఉంది. ద్రవ హైడ్రోజన్ వాడతామన్నారు కదా; ఘనమీటరు నీళ్లు 1000 కిలోలు తూగితే, అంతే చోటు పట్టే ద్రవ హైడ్రోజన్ 71 కిలోలే తూగుతుంది. అంటే కొద్దిపాటి బరువుకే కొండంత తొట్టె కావాలి. పైగా దాన్ని మైనస్ 253 డిగ్రీల చలిలో ఉంచాలి, లేకపోతే మరిగి ఆవిరైపోతుంది.

వేడి అన్నది మీ పటంలో ఎక్కడా లేదు. నన్నడిగితే మెరుగుపరచిన నౌకలన్నిటికీ అసలు పరీక్ష అదే. మళ్లీ చొక్కా దగ్గరికే వస్తున్నాను, ఓర్చుకోండి. మందపాటి చొక్కా తొడుక్కుని పని చేస్తే చెమట పడుతుంది. గాలి తగిలితే ఆరి ఒళ్లు చల్లబడుతుంది. అంతరిక్షంలో గాలి లేదు. రియాక్టర్, ఇంజను, ఫిరంగులు, మనుషులు పుట్టించే వేడి అంతా వెలుగు రూపంలో, కంటికి కనబడని పరారుణ కిరణాలుగా, నౌక చర్మం మీదనుంచే బయటికి పోవాలి. ఇప్పుడు ఆ రెండు అంకెలు తీయండి: వేడి పుట్టించే లోపలి యంత్రాలు ఎనిమిది రెట్లు, వేడిని వదిలే చర్మం నాలుగు రెట్లే. అందుకే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట పెద్ద పెద్ద పలకలు చాపి ఉంటాయి. లోపలి వేడిని అమోనియా వాటిలోకి మోసుకుపోతుంది. వాటినే రేడియేటర్లంటారు. రేడియేటర్ ఎంత వేడెక్కితే అంత బాగా పనిచేస్తుంది. కెల్విన్ కొలతలో దాని ఉష్ణోగ్రత రెట్టింపైతే అది వదిలే శక్తి 16 రెట్లవుతుంది. కాని అలా ఎర్రగా కాలిన పలక చీకట్లో ఎంత దూరంనుంచైనా శత్రువుకు కనబడుతుంది.

మీ ఆటకు ఇక్కడే ప్రాణం ఉంది. నవచాతకకు రెక్కల్లా చాచే రేడియేటర్లు పెట్టండి. ఫిరంగి పేల్చిన ప్రతిసారీ పటం మీద ఒక వేడి బిళ్ల పెట్టాలి. రెక్కలు చాచి ఉంటే ప్రతి వంతుకూ రెండు బిళ్లలు తీసివేయవచ్చు. కాని చాచిన రెక్కకు గుండు తగిలితే అది విరిగిపోతుంది. ముడుచుకుంటే రెక్క భద్రం, బిళ్లలు పేరుకుంటాయి. ఎనిమిది బిళ్లలు దాటితే పాచికలు వేసి ఏ యంత్రం ఆగిపోయిందో చూడాలి. అప్పుడు కొత్త నౌకకు ఎక్కువ ఫిరంగులు ఉన్నా మీ అన్నయ్య అభ్యంతరం చెప్పడు. వాటన్నిటినీ ఒకేసారి పేల్చే ధైర్యం మీ కెప్టెన్‌కు ఉండాలి, అంతే.

వీలైతే ఒకసారి పొద్దుగూకిన కొత్తలోనో తెల్లవారబోయే ముందో ఆ అంతరిక్ష కేంద్రం మీ తల మీదుగా పోయే వేళ తెలుసుకుని బయటికి వెళ్లండి. మినుకు మినుకు అనకుండా, చప్పుడు చేయకుండా, ఒక పెద్ద చుక్క ఆకాశాన్ని దాటిపోతుంది. మీకు అప్పటికే చీకటి పడినా, సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున దాని పలకల మీద ఇంకా ఎండ కాస్తూ ఉంటుంది.

కాంతిని మించిన వేగంతో నక్షత్రాల నడుమ గెంతే యంత్రం ఎలా పనిచేస్తుందో వివరించమన్నారు. అది నా చేత కాదు, ఎవరి చేతా కాదు. సూర్యుడి తరువాత మనకు అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. సెకనుకు సుమారు 17 కిలోమీటర్లు పోతున్న వాయేజర్ 1 అనే మనుషులు లేని వ్యోమనౌక అంత దూరం పోవడానికి దాదాపు 75 వేల ఏళ్లు పడుతుంది. ఆ అంకె ముందు కాసేపు ఊరికే కూర్చోండి. కథ నడవాలి గనుక ఆట మనల్ని ఆ ఒక్క అబద్ధాన్ని నమ్మమంటుంది, నమ్మేద్దాం. కాని దానికి ధర మీరే కట్టాలి. పాత చాతక ఒక గెంతుకు తొట్టెలో మూడో వంతు తాగేదనుకుంటే, కొత్తది రెండింతల దూరం గెంతినా సగం తొట్టె తాగుతుందని నియమం పెట్టండి. అప్పుడు దూరం పోగలిగేదీ అదే, తిరిగిరాలేక చిక్కుకునేదీ అదే.

పటం మళ్లీ గీశాక ఆమోదం కోసం వెంటనే పంపకండి. మీలో ఇద్దరు పాత చాతకను, ఇద్దరు నవచాతకను నడుపుతూ ఒక పోరు ఆడి చూడండి. తరువాత నౌకలు మార్చుకుని మళ్లీ ఆడండి. ఎవరు నడిపినా కొత్తదే గెలుస్తుంటే కవచంలో కొంత తీసి ఆ బరువును తొట్టెకు ఇవ్వండి. ఆ పైన పోరు లేని ప్రయాణం కూడా ఒకటి ఆడండి: సరుకు దించాలి, ఒక రేడియేటర్ విరిగింది, ఇంధనం ఒక గెంతుకే ఉంది. అందులో మీకు విసుగు పుట్టిన చోట పటం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆ పటాన్నే నాకు పంపండి. ముక్కు దగ్గరి కుర్చీని మాత్రం ఎంత బరువు తగ్గించవలసి వచ్చినా తీయకండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య