ఈ పైపు ఎక్కడికి పోతోంది? బొగ్గు ఇంజన్ల మోడళ్ళు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో బొగ్గు ఇంజన్ల బుల్లి నమూనాలు చేస్తానని చెబితే చాలామంది "బొమ్మలా?" అంటారు. బిట్రగుంట, గూడూరు, దొనకొండ లాంటి రైల్వే ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు మాత్రం ఆ మాట అనరు. వాళ్ళ నాన్నో తాతో నడిపిన ఇంజన్ కావాలని వస్తారు. వాళ్ళ చేతిలో పెట్టేదాంట్లో తప్పు ఉండకూడదని నా పట్టుదల. పదిహేనేళ్ళలో నేను విన్న అపోహలు, ఒకప్పుడు నేనే నమ్మినవి కూడా, ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎన్ని పార్టులు అతికిస్తే అంత అసలైనదానిలా ఉంటుంది

మొదట్లో నేను గట్టిగా నమ్మింది ఇదే. గూడ్సు బళ్ళు లాగే డబ్ల్యూజీ ఇంజన్ ఒకటి చేసి, రాగి తీగలు వంచి బాయిలర్ పక్కన ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ పైపులు పెట్టేశాను. చూడ్డానికి నిండుగా ఉందనుకున్నాను. బిట్రగుంట షెడ్డులో ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరైన ఒక పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, చిటికెన వేలి గోరుతో ఒక పైపు వెంబడి మెల్లగా వెళ్ళారు. క్యాబ్ (డ్రైవరు నిలబడే గది) కింద మొదలైన ఆ పైపు రన్నింగ్ బోర్డు (బాయిలర్ పక్కన నడిచే పలక) దాకా వచ్చి ఆగిపోయింది. గోరూ అక్కడే ఆగింది.

"అబ్బయ్యా, ఇది ఇంజెక్టర్ పైపు గదా. బాయిలర్లోకి పోకుండా ఈడే ఆగిపోయిందేంది? మరి నీళ్ళెట్టా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

కూర్చోబెట్టి ఆయనే చెప్పారు. ఇంజన్ వెనక బొగ్గు, నీళ్ళు మోసే టెండర్లోంచి నీళ్ళు ఇంజెక్టరుకు వస్తాయి. బాయిలర్ ఆవిరి ఇంకో పైపులో అక్కడికే వస్తుంది. ఆ ఆవిరి వేగమే నీళ్ళను బాయిలర్ ఒత్తిడికి ఎదురుగా లోపలికి తోస్తుంది. పోయిన నీళ్ళు వెనక్కి తన్నకుండా బాయిలర్ దగ్గర క్లాక్ వాల్వు ఉంటుంది. ఈ దారి ఎక్కడ తెగినా బాయిలర్లో నీటిమట్టం పడిపోతుంది. ఫైర్‌బాక్స్ (బొగ్గు మండే పెట్టె) పైరేకు నీళ్ళలోంచి బయటపడితే అది ఎర్రగా కాలి మెత్తబడి, బాయిలర్ పేలే ప్రమాదం ఉంది. నేను అలంకారం అనుకుని పెట్టిన తీగ మీద అసలు ఇంజన్లో ఇద్దరు ముగ్గురి ప్రాణాలు ఆధారపడి ఉంటాయని ఆ రోజు తెలిసింది.

అన్నీ ఊడదీశాను. అప్పటినుంచి ఏ పైపుకైనా ఎక్కడ పుట్టింది, ఎక్కడికి పోతోంది అన్న రెండు సంగతులూ తేలాకే అతికిస్తున్నాను. ఇప్పుడు నా మోడళ్ళ మీద పైపులు తగ్గాయి. చూసిన రైల్వేవాళ్ళు మాత్రం ఎక్కువసేపు చూస్తున్నారు.

అపోహ: విదేశీ ఇంజన్ మోడల్ కొని నంబరు మారిస్తే మన డబ్ల్యూపీ అవుతుంది

ఇందులో కొంత నిజం లేకపోలేదు. ఎక్స్‌ప్రెస్‌లు లాగిన డబ్ల్యూపీల్లో మొదటివి 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచే వచ్చాయి. ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు పెద్దవి, వెనక రెండు. అమెరికా పసిఫిక్ ఇంజన్లకూ ఇదే వరస. కానీ అక్కడి ఇంజన్లకు ఎయిర్ బ్రేకులు, కాబట్టి గాలి పంపు, గాలి ట్యాంకులు వేలాడుతుంటాయి. పైన గంట ఉంటుంది. ఆ రోజుల్లో మన బళ్ళకు వ్యాక్యూమ్ బ్రేకులు, ఆ గాలి పంపు అక్కర్లేదు. ముందువైపు రెండు బఫర్లు, మధ్యలో స్క్రూ కప్లింగ్. ముఖ్యంగా ఆ తూటా లాంటి ముక్కు ఉండాలి. గంట, పంపు తీయకుండా అలాగే ఉంచేసి, ముక్కు మీది నక్షత్రం మాత్రం వేసిన డబ్ల్యూపీలు చాలా చూశాను.

ముక్కు చేయడమే కష్టం. పుట్టీతో ఎన్నిసార్లు చేసినా ఒకవైపు ఒరిగేది. చివరికి ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసే ఒక కళాకారుడి దగ్గరికి కొలతలు తీసుకుపోయాను. సన్నటి చెక్కతో రెండు గంటల్లో చెక్కి ఇచ్చాడు. ప్రైమర్ కొట్టాక అది చెక్కంటే ఎవరూ నమ్మలేదు.

అదే విధంగా, డబ్ల్యూపీలన్నీ ఒకటే అనుకోవడమూ తప్పు. మొత్తం 755 వచ్చాయి. బాల్డ్విన్ నుంచి వచ్చినవి వేరు, 1960లలో చిత్తరంజన్‌లో తయారైనవి వేరు. ఆపైన ఏ షెడ్డు ముస్తాబు ఆ షెడ్డుది. కొన్ని షెడ్లలో పొగగొట్టానికి కిరీటం కూడా పెట్టేవారు. అందుకే "డబ్ల్యూపీ కావాలి" అంటే నేను పని మొదలుపెట్టను. ఏ నంబరు, ఏ కాలం, ఫొటో ఉందా అని అడుగుతాను.

అపోహ: రివెట్లు, హ్యాండ్ రెయిల్స్ కొట్టొచ్చినట్టు కనబడాలి

లెక్క వేసి చూడండి. హెచ్‌ఓ స్కేలు అంటే అసలుకు 87వ వంతు. 1 మి.మీ. తీగతో హ్యాండ్ రెయిల్ పెడితే అసలు ఇంజన్ మీద అది 87 మి.మీ. మందం అవుతుంది. పొలానికి నీళ్ళు పారించే మూడంగుళాల పైపంత! దాన్ని పట్టుకుని ఏ ఫైర్‌మన్ పైకెక్కగలడు? 0.35 నుంచి 0.4 మి.మీ. ఇత్తడి తీగ చాలు. అలాగే అర మి.మీ. రివెట్టు అంటే అసలులో నిమ్మకాయంత. 25 మి.మీ. రివెట్టు తల ఈ స్కేల్లో పావు మి.మీ. కంటే కాస్త పెద్దది, అంతే. పెయింటు ఒక పూత మందమైతే అది మునిగిపోతుంది. అందుకే పలచటి పూతలు, పూతకీ పూతకీ మధ్య ఓపిక.

ఇంత సన్నటి పనికి విదేశీ పనిముట్లు కావాలన్నది కూడా అపోహే. నా ఆకురాళ్ళు, పటకార్లు, సన్న రంపం బ్లేళ్ళు అన్నీ కంసాలి పనివాళ్ళు వాడేవే. నెల్లూరు చిన్నబజారు వైపు తిరిగి కొనుక్కున్నాను.

అపోహ: హెచ్‌ఓ పట్టాల మీద నిలబడింది కాబట్టి స్కేలు కరెక్టే

హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మి.మీ. అది 1,435 మి.మీ. స్టాండర్డ్ గేజికి సరిపోతుంది. మన బ్రాడ్ గేజి 1,676 మి.మీ. ఆ లెక్కన దాదాపు 19.25 మి.మీ. ఉండాలి. మూడు మి.మీ. లోపు తేడాయే కదా అంటారు, కానీ ఎదురుగా చూస్తే మన ఇంజన్ కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడినట్టు ఉంటుంది. అద్దాల పెట్టెలో పెట్టేవాటికి నేను ఇరుసులు మార్చి 19.25 చేస్తాను. పరుగెత్తాల్సినవాటికి 16.5 ఉంచి, ఆ సంగతి ముందే చెప్పేస్తాను. మీటరు గేజికి ఈ బాధ తక్కువ. దొరికే 12 మి.మీ. పట్టాలకూ ఉండాల్సిన 11.5కూ తేడా అర మి.మీ. మాత్రమే.

అపోహ: బొగ్గు ఇంజన్ అంటే నల్ల రంగు, పైన కాస్త మురికి

అచ్చ నలుపు వేస్తే ఇంట్లో వెలుతురుకు మోడల్ మీద పనంతా మాయమవుతుంది. నేను ముదురు బూడిద రంగుతో మొదలుపెడతాను. బాయిలర్ చుట్టూ వేడి పోకుండా పొర, దానిపైన రేకు ఉంటాయి కాబట్టి రంగు నిలుస్తుంది. ముందు పొగ చేరే స్మోక్‌బాక్స్‌కు ఆ పొర ఉండదు. రంగు కాలిపోయి బూడిదలా తెల్లబారుతుంది. ఈ రెండింటి మధ్య తేడా చూపిస్తేనే ఇంజన్ వేడిగా పనిచేసిందన్న భావం వస్తుంది.

మురికిని ఎక్కడపడితే అక్కడ పూయకూడదు. వాష్‌అవుట్ ప్లగ్గులు (బాయిలర్ కడిగే రంధ్రాల మూతలు), క్లాక్ వాల్వుల దగ్గర కారిన నీళ్ళు ఎండి తెల్ల చారలు కడతాయి. మన బోరు నీళ్ళ బకెట్‌కు పట్టే తెలుపే అది. చాక్‌పీసు పొడిని తడి బ్రష్షు కొనతో పైనుంచి కిందికి ఒక్కసారి లాగితే చాలు. చక్రాలను తిప్పే రాడ్లకు మురికి కాదు, నూనె. అక్కడ ముదురు గోధుమ రంగులో కాస్త మెరుపు కలపాలి. టెండర్లో నిజం బొగ్గే నలగ్గొట్టి, ఉప్మా రవ్వంత గింజలు జల్లించి వాడతాను. పిడికెడు బొగ్గుగడ్డ ఈ స్కేల్లో సుమారు అంతే.

రాడ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. రెండువైపులా రాడ్లు ఒకే స్థానంలో పెట్టేవాళ్ళున్నారు. రెండు సిలిండర్ల ఇంజన్లో ఒక పక్క క్రాంకుకూ (రాడ్డు చక్రానికి తగిలే చోటు) రెండో పక్క క్రాంకుకూ 90 డిగ్రీల తేడా ఉంటుంది. ఒకవైపు పిస్టన్ చివరికి పోయి బలం లేకుండా నిలిచినప్పుడు రెండోవైపుది తోస్తుంది. అందుకే ఇంజన్ ఎక్కడ ఆగినా మళ్ళీ కదులుతుంది.

అపోహ: డ్రాయింగులు లేకపోతే కొలతలు దొరకవు

పక్కనుంచి తిన్నగా తీసిన ఫొటో ఒకటి చాలు. డబ్ల్యూపీ పెద్ద చక్రం 1,702 మి.మీ. అని మనకు తెలుసు. ఫొటోలో చక్రం 40 మి.మీ., క్యాబ్ కిటికీ 19 మి.మీ. ఉంటే అసలు కిటికీ సుమారు 808 మి.మీ., మోడల్లో 9.3. కానీ బాయిలర్ పైన గుమ్మటంలా ఉండే డోము కెమెరాకు చక్రం కంటే దూరం కాబట్టి ఈ లెక్కకు చిన్నదిగా వస్తుంది. అది సరిచూసుకోవాలి.

ఇప్పుడు నా బల్ల మీద మీటరు గేజి వైజీ ఇంజన్ ఉంది. గుంటూరు-గుంతకల్లు లైను మీటరు గేజిగా ఉన్న రోజుల్లో దొనకొండ షెడ్డులో పనిచేసిన ఒకాయన కోసం వాళ్ళ మనవరాలు చేయిస్తోంది. ఉన్నది ఒకే ఫొటో. క్యాబ్ పక్కన ఆయన నిలబడి ఉన్నారు, నంబరులో చివరి అంకె మీద ఆయన భుజం పడింది. మూడో ఎనిమిదో అని ఆ అమ్మాయి అంటోంది. ఆయన్ని అడిగి చెబుతానంది. పెయింటు, చారలు, బొగ్గు అన్నీ అయిపోయాయి. ఆ ఒక్క అంకె చోటు ఖాళీగా ఉంచాను.