తాగిన రోజు గోలీ

"ఇయ్యాల దావత్ ఉన్నది, కల్లు తాగుత. గోలీ రేపు ఏసుకుంట." నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఈ మాట కొత్తది కాదు. బీపీ గోలీకీ ఇదే మాట, హెచ్‌ఐవీ గోలీకీ ఇదే మాట. అనేవాళ్లది నిర్లక్ష్యం కాదు. తాగి గోలీ వేసుకుంటే విషమవుతుందని నిజంగానే భయపడతారు. ఆ భయంలో కొంత నిజముంది, కొంత లేదు. ఏది ఎంతో తేల్చుకోకపోతే ఎక్కువ నష్టం జరిగేది హెచ్‌ఐవీ ఉన్నవారికి టీబీ రాకుండా ముందుగా ఇచ్చే ఐసోనియాజిడ్ గోలీ దగ్గర.

టీబీ క్రిమి ఒంట్లోకి చేరగానే జబ్బు రాదు. మన రక్షణ కణాలు దాని చుట్టూ చేరి, చేనికి ముళ్లకంచె వేసినట్టు కట్టడి చేస్తాయి. లోపల అది చావకుండా ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఆ కంచెకు కాపలా ముఖ్యంగా ఆ రక్షణ కణాల్లోని సీడీ4 అనే రకానిది. హెచ్‌ఐవీ నాశనం చేసేది సరిగ్గా వాటినే. అందుకే ఈ క్రిమి ఉన్న మామూలు మనిషికి జీవితకాలం మొత్తంలో 5 నుంచి 10 శాతం ఉండే టీబీ జబ్బు ముప్పు, హెచ్‌ఐవీని అణచి ఉంచే ఏఆర్‌టీ మందులు వాడని హెచ్‌ఐవీ మనిషికి దాదాపు ఒక్క ఏడాదిలోనే ఉంటుంది. ఏఆర్‌టీ ఆ ముప్పును మూడింట రెండు వంతుల దాకా తగ్గిస్తుంది. మిగిలినదాని కోసమే రోజుకు 300 మిల్లీగ్రాముల ఐసోనియాజిడ్, 6 నెలలు. ఐవరీ కోస్ట్‌లో కొన్నేళ్లు సాగిన ఒక పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. ఈ 6 నెలల కోర్సు తీసుకున్నవారిలో మరణాలు 37 శాతం తక్కువ. ఏఆర్‌టీ వల్ల కలిగే మేలుకు ఇది అదనం. ఇంత చవకైన గోలీకి అంత శక్తి ఉండటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక తాగుడు సంగతి. ఐసోనియాజిడ్‌ను విడగొట్టే పని కాలేయానిది. ఆ పనిలో కాలేయ కణాలను దెబ్బతీసే పదార్థాలు కొన్ని పుడతాయి. వాటిని త్వరగా వదిలించుకునే గుణం కొందరికి పుట్టుకతో వస్తుంది, కొందరిలో అది నెమ్మది. మన దేశంలో ఆ నెమ్మది రకం వాళ్లు చాలామంది. దీనికి రోజూ తాగే అలవాటు తోడైతే కాలేయం వాచే ప్రమాదం పెరుగుతుంది. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు కూడా అంతే. తాగుడూ, ఈ గోలీ రెండూ ఒంట్లో బీ6 విటమిన్‌ను తగ్గిస్తాయి. గోలీతో పాటు పిరిడాక్సిన్, అంటే బీ6 గోలీ, ఇచ్చేది అందుకే, దాన్ని పక్కన పెట్టొద్దు.

అన్నం సయించకపోవడం, వాంతులు, మూత్రం ముదురు రంగులో రావడం, కళ్లు పచ్చబడటం, వీటిలో ఏది కనిపించినా ఐసోనియాజిడ్ ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కామెర్లని పసరు మందు పోయించుకుని, పక్కనే ఈ గోలీ కూడా మింగుతూ పోతే ప్రాణానికే ముప్పు.

కాబట్టే ఎక్కువగా, క్రమం తప్పకుండా తాగేవారికి ఈ కోర్సు ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జాగ్రత్తే చెబుతుంది. కానీ రోజుకు 40 గ్రాములకు మించి ఆల్కహాల్ తాగేవారికి టీబీ ముప్పు సుమారు మూడు రెట్లు. అంటే ఈ గోలీ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అది అందదు. నన్ను బాధపెట్టేది ఇదే. తాగుతానని నిజం చెబితే గోలీ ఇవ్వరేమోనని, లేదా నలుగురిలో తిడతారని మనిషి అబద్ధం చెబుతాడు. ఇంటికెళ్లి, తాగిన ప్రతి రోజూ గోలీ మానేస్తాడు. కోర్సు అలా చిల్లులు పడుతుంది, కాలేయం పరీక్షా జరగదు.

ఇందులో కొందరిది అబద్ధం కూడా కాదు. "మందు తాగుతవా?" అని అడిగితే లేదంటారు. వాళ్ల లెక్కలో మందంటే బ్రాందీ, విస్కీ. కల్లు చలవ చేసేది. చెట్టు నుంచి అప్పుడే దించిన నీరాలో ఆల్కహాల్ ఉండదు, నిజమే. కొన్ని గంటల్లోనే అది పులిసి కల్లవుతుంది. అందులో 5 శాతం ఆల్కహాల్ ఉందనుకుంటే, బీరు సీసా సైజులోని 650 మిల్లీలీటర్లలో సుమారు 25 గ్రాములు. సాయంత్రం కల్లు కాంపౌండ్‌లో రెండు సీసాలు తాగితే 40 గ్రాములు దాటిపోయినట్టే.

మన వైపు ఇంకో చిక్కు కల్తీ కల్లు. అందులో క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలుపుతారు. ఐసోనియాజిడ్ వాడేవారి ఒంట్లోంచి డైజిపాం మెల్లగా పోతుంది, మత్తు ఎక్కువసేపు ఉంటుంది. వారానికోసారి చొప్పున 12 వారాలు వేసుకునే కొత్త కోర్సులో ఐసోనియాజిడ్‌తో పాటు రిఫాపెంటిన్ అనే ఇంకో టీబీ మందు కూడా ఉంటుంది. దాని పని వేరు, అలాంటి మత్తుమందులను త్వరగా కరిగించేలా కాలేయాన్ని ఉసిగొల్పుతుంది. అలవాటుపడిన ఒంటికి మత్తు ఒక్కసారిగా తగ్గితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ కూడా రావచ్చు. కాబట్టి "రేపటి నుంచి కల్లు బంద్" అని చెప్పి పంపడం సరిపోదు. కల్తీ కల్లుకు అలవాటుపడినవారికి డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా మాన్పించే వైద్యం కావాలి.

మరి తాగిన రోజు గోలీ? ఏఆర్‌టీ గోలీ అయితే తాగినా మానొద్దు. ఇప్పుడు ఎక్కువగా ఇస్తున్న డోలుటెగ్రావిర్ కలిసిన గోలీకీ ఆల్కహాల్‌కూ చెప్పుకోదగ్గ గొడవ లేదు, మానేస్తే మాత్రం వైరస్ లేస్తుంది. ఐసోనియాజిడ్ వాడే ఆరు నెలలూ తాగకపోవడమే మంచిది. ఒక పెళ్లిలో ఒక పూట తాగినంత మాత్రాన కోర్సు పోయిందని మొత్తం మానేయొద్దు. తాగింది తాగినట్టు ఏఆర్‌టీ సెంటర్‌లో చెప్పాలి. రోజూ తాగేవారికైతే ముందు కాలేయం పరీక్ష చేసి, గోలీ ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి.

ఆ నిజం బయటికి రావాలంటే అడిగే పద్ధతి మారాలి. కౌన్సెలర్లకు నా మనవి ఒకటే. తలుపు దగ్గరికి వేసి, "అన్నా, మొన్న ఆదివారం కల్లు ఎన్ని సీసాలు తాగినవ్? ఆ రోజు గోలీ ఏసుకున్నవా?" అని అడగండి.