లోతులేని నదిపై చెక్క మేడలు

అమెరికాలోని మిసిసిపీ పెద్ద నదే కానీ, దాని అడుగు నమ్మదగినది కాదు. వరద వచ్చిన ప్రతిసారీ ఇసుక మేటలు చోటు మార్చేవి, వేసవిలో నీరు బాగా తగ్గేది. అందుకే 19వ శతాబ్దంలో ఆ నదిపై తిరిగిన ఆవిరి పడవలకు అడుగుభాగం బల్లపరుపుగా, లోతు తక్కువగా ఉండేది. సముద్రపు ఓడల్లా సరుకునూ యంత్రాలనూ కడుపులో దాచుకునే వీలు లేదు. బాయిలర్లు, ఇంజన్లు, పత్తి మూటలు కింది అంతస్తును ఆక్రమిస్తే, డబ్బున్న ప్రయాణికులు పై అంతస్తుకు చేరారు.

పైన బరువు పెరగకూడదు కనుక గోడలన్నీ పలుచని చెక్కతోనే కట్టారు. పొడవాటి పడవ కొసలు కుంగకుండా, నిలువు దుంగల మీదుగా ముందు నుంచి వెనక్కి ఇనుప కడ్డీలు లాగి బిగించారు. ఇంత తేలికైన కట్టడాన్ని రాజమహలులా చూపించిన ఘనత వడ్రంగులది, రంగులు వేసినవారిది.

నడిమి హాలు అసలు ఆకర్షణ. తివాచీలు, షాండిలియర్లు, నిలువుటద్దాలు, భోజనాల బల్లలు అన్నీ అక్కడే. ఇరువైపులా పడకగదులు ఉండటంతో పక్కల నుంచి వెలుతురు వచ్చే దారి లేదు. అందుకే కప్పు మధ్యభాగాన్ని ఎత్తి, రంగుటద్దాల కిటికీలు పెట్టారు. చూసినవారు అలంకారమనుకునే ఆ అద్దాలే హాలుకు పగటి దీపాలు.

హాలు ముందు భాగంలో మగవారి బార్, వెనక కొసన స్త్రీల విడిది. ఇది మర్యాద కోసమే అనుకోనక్కరలేదు: బాయిలర్లు ముందువైపు ఉండేవి, అవి పేలేవి. బరువు తగ్గించుకునేందుకు వాడిన అధిక పీడన యంత్రాలవి. నదినీటిలోని బురద బాయిలర్ అడుగున పేరుకుంటే లోహం మితిమీరి వేడెక్కేది. 1865 ఏప్రిల్ 27న మెంఫిస్ నగరం దగ్గర ‘సుల్తానా’ అనే పడవ బాయిలర్లు పేలాయి. 376 మందికి అనుమతి ఉన్న ఆ పడవలో 2,000 మందికి పైగా ఉన్నారు. వారిలో ఎక్కువమంది అమెరికా అంతర్యుద్ధంలో పట్టుబడి, దక్షిణాది చెరల నుంచి విడుదలై ఇళ్లకు వెళుతున్న ఉత్తరాది సైనికులు. 1,100 మందికి పైగా చనిపోయారు.

పేద ప్రయాణికులకు మామూలు రోజుల్లోనూ ఆ బాయిలర్ల పొరుగే దిక్కు. పడక లేదు, భోజనం లేదు. పశువుల మధ్య, కట్టెల పక్కన ప్రయాణం. దారిలో కట్టెలు మోస్తే కొందరికి ఛార్జీ తగ్గేది. పై హాలు ఫోటోల్లో వీరెవరూ కనిపించరు.

ఈ తరహా పడవల్లో అత్యంత విలాసవంతమైనదిగా పేరొందిన ‘జె.ఎం. వైట్’ 1878లో ఇండియానాలోని హోవర్డ్ నౌకాశాలలో తయారైంది. 1886లో లూసియానాలో కాలిపోయింది. ఎండుచెక్క, నూనె రంగులు, పత్తి మూటలు ఒకచోట చేరితే నిప్పుకు ఎంతసేపు? అయినా ఎనిమిదేళ్లు తక్కువేమీ కాదు. ఆ నదులపై పడవల సగటు ఆయుష్షు అయిదేళ్లకు కాస్త అటూఇటూగానే ఉండేది.