పెద్దమ్మ జబ్బ మీద మచ్చలు, డొక్కలో మంట

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉండే మా పెద్దమ్మకు నిరుడు సంక్రాంతి వెళ్లాక ఎడమ డొక్కలో మంట పుట్టింది. రెండు రోజులు పైకి ఏమీ కనబడలేదు. మూడోనాటికి వెన్ను నుంచి పొట్ట దాకా, సగం తెగిన మొలతాడులా, నీటి పొక్కులు బారులు తీరాయి. పక్కింటావిడ చూసి "ఇది అక్కి పిన్నీ, తలా తోకా కలవనీకు" అని భయపెట్టింది. కుమ్మరి ఇంటికి తీసుకెళ్లి జాజుతో గీతలు గీయించారు. ఆసుపత్రికి వెళ్లేసరికి వారం దాటింది. అక్కికి ఇచ్చే యాంటీవైరల్ మాత్రలు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. పొక్కులు ఎండి రాలిపోయాయి గానీ మంట పోలేదు. ఇప్పటికీ రవిక అంచు తగిలితే చాలు, పళ్లు బిగబట్టి కూర్చుంటుంది.

అదే మనిషి జబ్బ మీద పావలా కాసంత మచ్చలు రెండున్నాయి. చర్మం లోపలికి నొక్కుకుపోయి, అంచులు ముడతలు పడి ఉంటాయి. చిన్నప్పుడు బడికొచ్చి వేసిన మశూచి టీకా గుర్తులవి. ఆ టీకా నేర్పిన పాఠం ఇంకా ఆమె రక్తంలో ఉండే అవకాశం చాలా ఎక్కువ. మశూచి టీకా వేయించుకున్నవారిని పరీక్షించిన అమెరికా శాస్త్రవేత్తలు, 75 ఏళ్ల తర్వాత కూడా యాంటీబాడీలు నిలిచే ఉన్నాయని 2003లో ప్రకటించారు. అయితే అదే పరిశోధనలో ఇంకో సంగతీ బయటపడింది. యాంటీబాడీలు నిలిచాయి గానీ, వైరస్ చేరిన కణాలను వెతికి పట్టుకునే టి-కణాలు మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చాయి. పెద్దమ్మ డొక్కలో మంటకు కారణం ఆ రెండో సంగతిలోనే ఉంది.

అక్కి బయటి నుంచి కొత్తగా అంటుకునేది కాదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోయినా ఆ వైరస్ ఒంట్లోంచి పూర్తిగా పోదు. వెన్నుపక్కన నరాల ముడుల్లో నక్కి ఉంటుంది. టి-కణాలు కాపలా ఉన్నంతకాలం కదలదు. కాపలా సడలిన రోజున ఏదో ఒక నరం వెంట చర్మం దాకా వస్తుంది. ఆ నరం ఒంటికి ఒక పక్కే ఉంటుంది కాబట్టే పొక్కులు మధ్యగీత దాటవు. తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందన్న భయానికి ఆధారం లేదు. అలాగని ఆ భయపడేవాళ్లను తీసిపారేయలేను, ఆ నొప్పి అలాంటిది. ఈ గుట్టును మొదట పట్టినవాళ్లలో ఇంగ్లండ్‌లోని ఒక చిన్న ఊరి డాక్టరు ఎడ్గర్ హోప్-సింప్సన్ ఒకరు. తన దగ్గరికి వచ్చే రోగుల లెక్కలు 16 ఏళ్లపాటు ఓపిగ్గా రాసుకున్నాడు. వయసు పెరిగేకొద్దీ అక్కి పెరుగుతోందని, 85 ఏళ్లు బతికితే సగంమందికి ఇది తప్పదని 1965లో తేల్చాడు.

వయసు పెరిగేకొద్దీ జబ్బులను అడ్డుకునే సత్తువ తగ్గుతోందని తెలిసింది. ఎక్కడ తగ్గుతోంది? రొమ్ము ఎముక వెనక థైమస్ అని ఒక గ్రంథి ఉంది. దానికి పెద్ద పనేమీ లేదనే చాలాకాలం అనుకున్నారు. 1961లో జాక్ మిల్లర్ లండన్‌లో అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో దాన్ని తీసేసి చూశాడు. అవి రోగాలకు తట్టుకోలేకపోయాయి. టి-కణాలు తర్ఫీదు పొందే బడి అదేనని అలా తెలిసింది. ఆ బడి మనకు యవ్వనం రాకముందు నుంచే చిక్కిపోతూ ఉంటుంది, క్రమంగా కొవ్వుతో నిండిపోతుంది. అరవై దాటేసరికి అక్కడి నుంచి బయటికొచ్చే కొత్త కణాలు బహు తక్కువ. పాత జబ్బులను ఎరిగిన కణాలు ఉంటాయి, కొత్త జబ్బును చూసి నేర్చుకునేవి అరుదవుతాయి. ముసలివాళ్లకు చిన్నప్పటి ఎక్కాలు గుర్తుండి, నిన్న చెప్పిన ఫోన్ నంబరు గుర్తుండకపోవడం చూస్తూనే ఉంటాం. ఒంటికీ ఇంచుమించు అలాంటిదే జరుగుతుంది.

దీనికి తోడు, పెద్దవయసులో ఏ జబ్బూ లేకపోయినా ఒంట్లో సన్నగా వాపు సెగ రగులుతూనే ఉంటుంది. ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కి 2000లో దీనికి పేరు పెట్టాక పరిశోధనలు ఊపందుకున్నాయి. ఎప్పుడూ సెగ ఉన్న ఒంటికి అసలు నిప్పు అంటుకున్నా వెంటనే తెలియదు. పెద్దవాళ్లకు న్యుమోనియా వచ్చినా ఒక్కోసారి జ్వరం రాదు. అన్నం మానేస్తారు, మాట తడబడుతుంది, పడుకున్నచోటి నుంచి లేవరు. "జ్వరం లేదు కదా" అని ఇంట్లోవాళ్లు రెండు రోజులు ఆగుతారు. దయచేసి ఆగకండి.

ఇక టీకాల సంగతి. మా పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిశాయి. అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీ. మహేంద్రతనయ నది అవతలి పాతపట్నం అటు మద్రాసు వైపే ఉండిపోయింది, మేం ఇటు ఒడిశాకు వచ్చాం. ఇటైనా అటైనా టీకాలంటే పిల్లల వ్యవహారమే. 1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 1975 మేలో ఇక్కడ పుట్టిన చివరి కేసు నమోదైంది, 1977లో దేశం మశూచి నుంచి బయటపడిందని ప్రకటించారు. ఆ ఊపులోనే 1978లో విస్తృత టీకాల కార్యక్రమం, 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం వచ్చాయి. పసిపిల్లలు, గర్భిణులు వాటి లక్ష్యం. ఆ రోజులకు అది సబబే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయుష్షు 32 ఏళ్ల దగ్గరే ఉండేది, చావుల్లో పసిబిడ్డలవే ఎక్కువ. ముసలివాళ్లకు టీకా అన్న ఆలోచనకే అప్పుడు చోటు లేదు. 2011 జనాభా లెక్కల నాటికి అరవై దాటినవాళ్లు 10 కోట్లకు పైబడ్డారు. టీకాల పట్టికలో మాత్రం వాళ్లకు చోటు రాలేదు.

బయట దేశాల్లోనూ దారి సాఫీగా లేదు. 1957 ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో వృద్ధులు ఎక్కువగా పోయాక, 1960లో అమెరికా 65 దాటినవాళ్లకు ఫ్లూ టీకా వేయించమంది. కుర్రాళ్లలో చక్కగా పట్టే టీకా, అవసరం ఎక్కువున్న పెద్దవాళ్లలో అంతగా పట్టేది కాదు. ఇది మొండి చిక్కు. విప్పడానికి రెండు దారులు తొక్కారు. టీకాకు ఒంటిని తట్టిలేపే పదార్థం జోడించడం ఒకటి, అలాంటి ఫ్లూ టీకా 1997లో ఇటలీలో వచ్చింది. మందు మోతాదు పెంచడం రెండోది, నాలుగు రెట్ల మోతాదున్న టీకాకు 2009లో అమెరికాలో అనుమతి దొరికింది. 65 దాటినవాళ్లలో అది మామూలు టీకా కన్నా 24 శాతం మెరుగని 2014లో తేలింది.

అక్కి టీకా కథ ఇంకా స్పష్టం. 2006లో వచ్చిన మొదటి టీకా బతికున్న బలహీన వైరస్‌తో చేసింది. అరవైల్లో ఉన్నవాళ్లలో 64 శాతం అక్కిని ఆపింది, డెబ్బై దాటినవాళ్లలో 38 శాతమే. వయసు పెరిగేకొద్దీ రక్షణ ఎలా జారిపోతుందో ఈ రెండు అంకెలే చెబుతాయి. తర్వాత వైరస్‌లోని ఒక ప్రోటీన్‌ను మాత్రమే తీసుకుని, దానికి గట్టి ఉత్తేజకం కలిపారు. అందులో ఒక భాగం చిలీ దేశపు సబ్బుచెట్టు బెరడు నుంచి తీస్తారు. షింగ్రిక్స్ పేరుతో 2017లో వచ్చిన ఆ టీకా డెబ్బై దాటినవాళ్లలోనూ దాదాపు 90 శాతం పనిచేసింది. ముసలి ఒంటికి టీకా పట్టదన్న మాట చెల్లదని నాకు నమ్మకం కలిగింది ఇక్కడే. ఆ ఒంటికి తగిన టీకా అప్పటిదాకా చేయలేదు, అంతే. మన దేశానికి 2023లో వచ్చింది. రెండు డోసులు, ధర వేలల్లో. పింఛను మీద బతికే మనిషికి అందదు.

మన దగ్గర పెద్దవాళ్లు మొదటిసారి వరసలో ముందు నిలబడింది కోవిడ్‌కే. 2020 వేసవిలో సూరత్ నుంచి వలస కూలీలు రైళ్లు దిగాక బరంపురం ఉన్న గంజాం జిల్లా ఒడిశాలోనే ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటైంది. 2021 మార్చి 1న అరవై దాటినవాళ్లకు టీకా మొదలుపెట్టారు. 2022 జనవరి 10న ఆరోగ్య సిబ్బంది, ముందు వరస సిబ్బందితో పాటు, అరవై దాటి ఇతర జబ్బులున్నవాళ్లకు మూడో డోసు తెరిచారు. రెండు డోసుల రక్షణ పెద్దవాళ్లలో త్వరగా తగ్గుతుండటం దానికి ఒక కారణం. మా వీధిలో కొందరు "నాకు జ్వరం రాలేదు, సూది పనిచేయలేదేమో" అని టెన్షన్ పడ్డారు. పెద్దవాళ్లకు టీకా తర్వాత జ్వరం, నొప్పులు తక్కువగా రావడం మామూలే. రాకపోయినంత మాత్రాన టీకా వృథా అయినట్టు కాదు. ఈ ఒక్క ముక్క తెలుగులో చెప్పేవాళ్లు ఆ రోజు లేరు, చెప్పిందంతా ఒడియాలోనే. మా పెద్దమ్మకు సంతలో బేరమాడేంత ఒడియా వచ్చు. డోసు, గడువు, షుగరు మాత్రల గురించి అడిగేంత రాదు.

పెద్దవాళ్లను కాపాడే దారి ఇంకొకటి ఉంది, అది పిల్లల మీదుగా వెళుతుంది. జపాన్‌లో బడిపిల్లలకు విస్తారంగా ఫ్లూ టీకాలు వేసిన దశాబ్దాల్లో చలికాలపు వృద్ధ మరణాలు తగ్గాయి, 1994లో ఆ కార్యక్రమం ఆపాక పెరిగాయి. అమెరికాలో 2000 నుంచి పసిపిల్లలకు న్యుమోనియా తెచ్చే ఒక క్రిమిని ఆపే న్యుమోకాకల్ టీకా వేస్తే, టీకా వేయించుకోని తాతలు, అమ్మమ్మల్లోనూ ఆ జబ్బు తగ్గింది. మన దగ్గర ఆ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021లో దేశమంతటికీ వచ్చింది.

టీకాల రోజున మనవరాలిని ఎత్తుకుని వెళ్లేది పెద్దమ్మే. మొన్న నేనూ వెంట వెళ్లాను. పాప తొడకు సూది పడుతుంటే పెద్దమ్మ డొక్కకు తగలకుండా దాన్ని కుడి పక్కకు మార్చుకుంది. నర్సమ్మ కార్డు రాస్తుండగా అడిగాను, పెద్దవాళ్లకు ఫ్లూదో న్యుమోనియాదో టీకా ఏమైనా ఉందా అని. ఆమె విసుక్కోలేదు. రిజిస్టరు నా వైపు తిప్పి చూపించింది. గర్భిణుల గడులు ఉన్నాయి, పుట్టినప్పటి నుంచి పదహారేళ్ల దాకా పిల్లల గడులు ఉన్నాయి. "వీళ్లకు బయట కొనుక్కోవాల్సిందే సార్" అంది.