మేకలు తిరిగొచ్చాయి, కాపరి కొలువు రాలేదు

పార్కులో పొదలు తగ్గించడానికి మేకలను దించిన ప్రతిసారీ గొడవ ఒకటే. ఖర్చు తక్కువ, కలుపుమందు కొట్టే పనుండదు అంటారు అధికారులు. మరి మా పని సంగతేంటని సిబ్బంది అడుగుతారు. మెషిన్లు రాకముందు పచ్చికను పశువులే మేసేవన్నది అందరికీ తెలిసిందే. అసలు మలుపు 1934లో, న్యూయార్క్ సెంట్రల్ పార్కులో వచ్చింది.

అక్కడి షీప్ మెడో అనే పచ్చిక మైదానంలో 1864 నుంచి గొర్రెలు మేసేవి. కాపరి రోడ్డు మీద బండ్లను ఆపించి, మందను పొద్దున మైదానానికి, సాయంత్రం దొడ్డికి దాటించేవాడు. అతను పార్కు మనిషి. 1934లో పార్కుల కమిషనర్ రాబర్ట్ మోసెస్ ఆ మందను బ్రూక్లిన్‌లోని ప్రాస్పెక్ట్ పార్కుకు పంపించేశారు. దొడ్డి రెస్టారెంటయింది. కాపరిని జూలో సింహాల దగ్గర పనికి మార్చారు. మందనైతే ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు. మందను ఎరిగిన మనిషికి పార్కులో ఉన్న చోటు మాత్రం ఆ ఏడాదే పోయింది.

2019లో అదే నగరంలోని రివర్‌సైడ్ పార్కుకు 24 మేకలొచ్చాయి, మనిషి కాలు నిలవని ఏటవాలు మీద మేయడానికి. తాకితే మనకు బొబ్బలెక్కే పాయిజన్ ఐవీ వాటికి మామూలు మేతే. ముందుకాళ్లు పొద మీద మోపి, మెడ సాచి, పెదవులతో ఆకు దూసేస్తాయి. చిగురేసినప్పుడల్లా మేస్తే వేరులో దాచుకున్న సత్తువ తరిగిపోతుంది. అందుకే ఒక్క విడత మేపి వదిలేస్తే లాభం లేదు.

ఇప్పుడు మేకలు ఎక్కువగా అద్దెకొస్తాయి. 2017లో అమెరికాలోని వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ ఇలాగే క్యాంపస్‌లోకి మేకలను తెప్పిస్తే, ఉద్యోగుల యూనియన్ ఫిర్యాదు చేసింది. అవి పచ్చిక జోలికి పోలేదు, చెట్ల మధ్య పొదలే తిన్నాయని యూనివర్సిటీ చెప్పింది. నిజమే కావచ్చు. కానీ మేకల మీద యూనియన్‌కు కోపమేమీ లేదు. పని బయటివాళ్లకు ఇచ్చేముందు తమకో మాట చెప్పాలన్న ఒప్పందం ఏమైందని అడిగింది. న్యాయమైన ప్రశ్న.

పైగా అందం కోసం పెంచే యూ, రోడోడెండ్రాన్ లాంటి మొక్కల ఆకు మేకకు విషం. మందను వదలకముందు ఎవరో ఒకరు ఆ జాగా అంతా కాలినడకన తిరిగి, ఏ పొద ఎక్కడుందో చూసి, అక్కడ కంచె కట్టించాలి. ఏళ్ల తరబడి అక్కడ కత్తిరింపులు చేసిన తోటమాలికి ఆ పొదలన్నీ తెలుసు.