జామ్ డబ్బా నుంచి 36వ నంబర్ గ్రెనేడ్ దాకా

2021 ఆగస్టు 24న నాగపూర్‌లో, రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ సమక్షంలో మన సైన్యానికి కొత్త చేతి గ్రెనేడ్లు అందాయి. వాటికి చోటు ఇచ్చి తప్పుకోవాల్సింది 36వ నంబర్ గ్రెనేడ్. దాని మూలరూపం 1915లో పుట్టింది. ఒక ఆయుధం వందేళ్లు నిలిచిందంటే అది ఏ అవసరానికి పుట్టిందో చూడాల్సిందే.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు బ్రిటిష్ సిపాయి చేతిలోని లీ-ఎన్‌ఫీల్డ్ మంచి రైఫిలే. మ్యాగజైన్‌లో పది తూటాలు పడతాయి, వందల గజాల దూరం కొడుతుంది. మొనకు బాయొనెట్ కత్తి తొడిగితే మాత్రం పొడవు అయిదడుగులు దాటుతుంది. ఫ్రాన్స్, బెల్జియంలలో ఆ పోరు కందకాల్లో సాగింది. కందకాలను తిన్నగా తవ్వరు. ఒక కొసన నిలబడి కాలిస్తే అందరూ కూలిపోకుండా కొద్ది గజాలకొక మలుపు పెడతారు. మలుపు అవతల శత్రువు దగ్గు వినిపిస్తున్నా తూటా మూల తిరగదు. సైనికులు దుడ్డుకర్రలకు మేకులు దిగ్గొట్టారు, పారల అంచులు నూరుకున్నారు. అవన్నీ ఎదురుపడ్డాకే పనికొస్తాయి. మూల దాటి పడాలంటే విసిరేదే కావాలి.

ఇది అప్పుడే తెలిసొచ్చిన సంగతేమీ కాదు. 1904-05లో చైనా తీరంలోని పోర్ట్ ఆర్థర్ ముట్టడిలో జపాన్, రష్యా సైనికులు చేతి బాంబులతోనే కొట్టుకున్నారు. జర్మన్లు అది చూసి సిద్ధమయ్యారు. బ్రిటన్ దాన్ని ఇంజనీరు దళాల సరంజామాగా చూసి ఊరుకుంది. దాని దగ్గరున్న నంబర్ 1 గ్రెనేడ్‌కు పొడవాటి పిడి, దేనికి తగిలినా పేలే గుణం. ఇరుకు కందకంలో విసరబోయి చెయ్యి వెనక్కి తీస్తే వెనక గోడకే తగిలేది!

చివరికి ఖాళీ జామ్ డబ్బాలే దిక్కయ్యాయి. లోపల గన్‌కాటన్ అనే పేలుడు మందు, మేకులు, ఇనుప ముక్కలు కూరి, పైన వత్తి పెట్టి, సిగరెట్‌తో అంటించి విసిరేవారు. వత్తి చెమ్మగిల్లితే ఏమవుతుందో దీపావళి టపాకాయలు కాల్చినవారికి చెప్పనక్కర్లేదు. ఆ కందకాల్లో వాన మామూలే.

భారత దళాలు దిగింది ఈ పోరులోకే. 1914 నవంబరులో ఫ్రాన్స్‌లోని ఫెస్టుబెర్ దగ్గర, తలకు రెండు చోట్ల, చేతికి గాయాలైనా దర్వాన్ సింగ్ నేగి ప్రతి మలుపూ తిరిగిన తొలి వరుసలోనే ఉన్నాడు. 1915 మార్చి 10న అక్కడి న్యూవ్ షాపెల్ గ్రామంలో గబ్బర్ సింగ్ నేగి బాంబులు, బాయొనెట్లు పట్టిన జట్టుకు ముందు నడిచి, శత్రువు లొంగేదాకా మలుపు తర్వాత మలుపు తిరిగాడు. ఆ పోరులోనే చనిపోయాడు. ఇద్దరూ గఢ్వాల్ రైఫిల్స్ వారే, ఇద్దరికీ బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ దక్కింది.

ఆ ఏడాదే బర్మింగ్‌హామ్‌కు చెందిన విలియం మిల్స్ గ్రెనేడ్ వచ్చింది. పిన్ను లాగినా మీటను గుప్పిట్లో నొక్కి ఉంచినంతసేపు ఏమీ కాదు. చెయ్యి వదిలాక మీట ఎగిరిపోతుంది, స్ప్రింగు సూదిని కొడుతుంది, లోపలి వత్తి అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు, వాన బెడద లేదు. ఒంటిమీది గళ్లు పట్టు జారకుండా ఉండటానికని చెబుతారు. దీన్నే మెరుగుపరచగా తర్వాత వచ్చిన 36ఎమ్‌లో ‘ఎమ్’ అంటే మెసొపొటేమియా, అంటే నేటి ఇరాక్ ప్రాంతం. అక్కడి ఉక్కకు లోపలి మందు చెడకుండా లక్క పూత వేశారు.

లోపం పోత ఇనుములోనే ఉంది. అది ఒకే తీరున పగలదు. కొన్ని పెద్ద ముక్కలు మనిషి విసరగల దూరాన్ని మించి ఎగురుతాయి కాబట్టి విసిరినవాడూ దాక్కోవాల్సిందే. కొత్త గ్రెనేడ్‌లో ముక్కలు సమానంగా చిమ్ముతాయి. ఆరుబయట ముందుకు దూకే సైనికుడు ఆ ముక్కల తొడుగు తీసేసి, పేలుడు మాత్రమే ఉండేలా విసరవచ్చు.